తేలిన పూసలు

ఉదయం ఏడున్నరకి పూసలక్క యాంజియో గది తాళం తీస్తుంది. ఏసీ వేస్తుంది, స్టీలు బల్ల తుడుస్తుంది, సీసాల అల్మరా తెరిచి మూతల రంగులు సరిచూసుకుంటుంది. ఆ తర్వాత గుమ్మం పక్కన నిలబడి లోపలికి వచ్చే ఒక్కొక్కరినీ పైనుంచి కింద దాకా అనుమానంగా చూస్తుంది. ఈ చివరి పని ఉద్యోగపు కాగితాల్లో ఎక్కడా రాసి లేదు. కానీ పొద్దున్నే కాస్త గట్టిగా చూస్తే తర్వాత బోలెడంత టైము కలిసొస్తుందని ఆవిడ పదహారేళ్ల అనుభవం.

ఆవిడ అసలు పని పూసలు కలపడం. మెడలో వేసుకునే పూసలు కావు. ఆవగింజని నాలుగు ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత ఉంటాయి. సీసాలో ఉప్పునీళ్ల అడుగున తెల్లటి ఇసుకలా పడుకుని ఉంటాయి. ఒంట్లో ఎక్కడైనా గడ్డ పెరుగుతోందంటే దానికి రక్తం మోసుకెళ్లే నాళం ఒకటి ఉంటుంది కదా. తొడ దగ్గర సూది గుచ్చి, అక్కడి నుంచి సన్నటి గొట్టాన్ని ఆ నాళం దాకా పంపి, ఈ పూసల్ని అందులోకి వదులుతారు. కాలవకి అడ్డుకట్ట వేసినట్టు అవి దారి మూసేస్తాయి. గడ్డ తిండి లేక మాడిపోతుంది. వదిలేది డాక్టరమ్మ. అంతకు ముందు పూసల్ని ఎక్స్‌రేలో కనబడే రంగు మందుతో కలిపి, రెండు సిరంజిల మధ్య అటూ ఇటూ తోసి, మూడు నిమిషాలు నిలబెట్టి చూసేది పూసలక్క. సరిగ్గా కలిస్తే పూసలు పైకి తేలవు, అడుక్కి దిగవు, సిరంజి నిండా సమంగా నిలబడతాయి.

మిగతా చోట్ల సూది గుచ్చాకే పూసలు కలుపుతారట. ఈ గదిలో మాత్రం ముందు పూసలు, తర్వాతే సూది. ఎందుకంటే ఇక్కడి పూసలు అబద్ధాన్ని ఓర్చుకోవు. గదిలో ఉన్న ఒకరు గదిలోనే ఉన్న ఇంకొకరికి ఎప్పుడో ఒకప్పుడు అబద్ధం చెప్పి, దాన్ని ఇంకా వెనక్కి తీసుకోకుండా ఉంటే, పూసలు పైకి తేలి సిరంజి మూతి దగ్గర ముద్దకడతాయి. నోరు మూసుకుని ఊరుకున్నవాళ్లతో వాటికి పేచీ లేదు. నోరు తెరిచి చెప్పిన అబద్ధమైతేనే. చెప్పింది ఎవరో మాత్రం చూపించవు, అదే చిక్కు. ఒకసారి ఎప్పుడో తేలిన పూసల్నే తొందరపడి వదిలితే అవి ముద్దగా వెళ్లి వెళ్లకూడని నాళంలో కూర్చున్నాయి. ఆ మనిషి నెల్లాళ్లు మంచం దిగలేదు. పూసలు నిలబడందే సూది ముట్టుకోనని డాక్టరమ్మ ఆ రోజే రూలు పెట్టేసింది.

కాబట్టి ఇది రోజూ ఉండే తంతే. పూసలు తేలతాయి. పూసలక్క సిరంజి పైకెత్తి, "ఊఁ, ఎవరండీ?" అంటుంది.

"దారిలో టైరు పంక్చరైందన్నాను కదా మేడమ్... పంక్చరు కాలేదు. నిద్ర లేవలేదు," అంటాడు మత్తు డాక్టరు.

కొన్ని పూసలు దిగుతాయి.

బల్ల మీద పడుకున్న పేషెంటు గొంతు సవరించుకుంటాడు. "పొద్దున్నుంచీ ఏమీ తినలేదన్నాను. రెండు బిస్కెట్లు తిన్నాను. చిన్నవే."

"రెండేనా?"

"ఆరు."

పూసలు సమంగా నిలబడతాయి. రేపు ఖాళీ కడుపుతో రమ్మని పేషెంటుని పంపించేస్తారు. దీని గురించి ఎవరూ ఆశ్చర్యపోరు, బయట ఎవరికీ చెప్పుకోరు. బీపీ చూడటం ఎలాగో ఇదీ అలాగే.

ఆ గదిలో పూసలక్కకి అందరికంటే ఎక్కువ అనుమానం ఎక్స్‌రే ఆయన మీద. ఏడేళ్ల కిందట వచ్చాడు. నెమ్మదస్తుడు, పనికి వంక పెట్టడానికి లేదు. పెళ్లి చేసుకోలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు. చెవులు మాత్రం ఎంత పెద్ద టోపీ ఇచ్చినా అందులో ఇమడవు, రెండు పక్కలా బయటికొచ్చి నిలబడతాయి. గేటు దగ్గర కాపలా ఆయన నుంచి పెద్ద డాక్టరు దాకా, ఆవిడ కంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా ఆవిడని "పూసలక్కా" అనే పిలుస్తారు. ఈయనొక్కడే "ఏవండీ" అంటాడు. మొదటి ఏడాది బాగానే నవ్వుతూ మాట్లాడేవాడు. ఒక సోమవారం నుంచి హఠాత్తుగా ముభావంగా అయిపోయాడు. అక్కా అంటే నోరరిగిపోతుందా, ఇది పొగరు కాకపోతే ఏమిటి అని ఆవిడ తీర్మానించుకుంది. పూసలేమీ అనలేదు. ఆయన ఏ అబద్ధమూ చెప్పలేదు మరి.

అనుమానం పెనుభూతం అంటారు. పూసలక్క ఇంట్లో ఆ భూతానికి ఎప్పుడూ ఒక కుర్చీ వేసే ఉంటుంది. ఉండేది తండ్రీ కూతుళ్లిద్దరే. తండ్రి ముప్ఫై నాలుగేళ్లు రైళ్లలో టికెట్లు తనిఖీ చేసి రిటైరయ్యాడు. వీధిలో అందరికీ ఆయన టీసీ గారు. "మనిషి మొహం మార్చుకుంటాడమ్మా, చెవులు మార్చుకోలేడు," అనేవాడు. టికెట్ లేకుండా ఒకసారి దొరికినవాణ్ని పదేళ్ల తర్వాత వేరే రైల్లో, గడ్డం పెంచుకున్నా సరే, చెవులు చూసి పట్టుకున్న చరిత్ర ఆయనది. ఇప్పుడు రైలు లేదు, భార్యా లేదు. అనుమానించడానికి కూతురూ, పోస్టుమానూ మిగిలారు. పోస్టుమాను ఈ మధ్య ఉత్తరాలు గేటు మీంచే విసిరేసి పారిపోతున్నాడు.

రెండు నెలల కిందట ఆయన కుడివైపు పక్కటెముకల కింద నొప్పన్నాడు. స్కానింగు తీస్తే కాలేయంలో గడ్డ. క్యాన్సరు.

"ఇప్పుడైతే పూసలతో ఆపొచ్చు," అంది డాక్టరమ్మ ఫిల్ము వెలుతుర్లో పెట్టి చూస్తూ. "పక్క నాళానికి పాకిందంటే నా చేతుల్లో ఉండదు. ఈ గురువారం దాటనివ్వొద్దు. ఆయనకి విషయం నేను చెప్పనా?"

రోగం పేరు పేషెంటుకి డాక్టరమ్మే స్వయంగా చెబుతుంది. అది ఆవిడ ఇంకో రూలు.

"వద్దు మేడమ్, నేను చెప్తాను. నాన్నకి నేను చెప్తేనే బాగుంటుంది."

ఇంటికెళ్లి చెప్పింది ఇది: "కొవ్వు గడ్డట నాన్నా. వయసు మీద పడ్డాక సగం మందికి ఉండేదేనట."

"ఆ సగం మందిలో ఒకళ్ల పేరు చెప్పు," అన్నాడు టీసీ గారు.

సమ్మతి కాగితం మీద సంతకం పెట్టించేటప్పుడు, రోగం పేరున్న గీత మీద పూసలక్క అరచెయ్యి ఆనించింది. ఆయన కలం పట్టుకుని ఆ చేతినే చూశాడు.

"చెయ్యెందుకు అడ్డం పెట్టావ్?"

"గాలికి కాగితం ఎగిరిపోతుంది నాన్నా."

"ఫ్యాన్ వెయ్యలేదు."

"వేస్తే ఎగిరిపోతుందని."

ఆయన సంతకం పెట్టాడు. పూసలక్క కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు, ఒక్క అబద్ధంతో ఒక ప్రాణం కుదుటపడితే తప్పేమిటి? ప్రేమతో చెప్పింది అబద్ధం కిందకి రాదు, దాన్ని ధైర్యం చెప్పడం అంటారు. పూసలకి ఆ మాత్రం తెలీదా? గురువారం దాకా ఉన్న మూడ్రోజులూ బస్సులో వెళ్తూ వస్తూ తనకి తానే ఇలా నచ్చజెప్పుకుంది. పదహారేళ్లు పూసలతో పనిచేసిన మనిషి, చివరికి పూసల్నే నమ్మించొచ్చని అనుకుంది. సొంతవాళ్లు ఆ బల్ల ఎక్కితే ఎవరి తెలివైనా అలాగే ఏడుస్తుంది.

గురువారం పొద్దున గుమ్మం దగ్గర డాక్టరమ్మ అడిగింది. "చెప్పావా?"

"చెప్పేశాను మేడమ్."

టీసీ గారిని బల్ల మీద పడుకోబెట్టి ఆకుపచ్చ గుడ్డ కప్పారు. ఆయన పడుకునే తనిఖీ మొదలుపెట్టాడు.

"ఈయనెవరు?"

"మత్తు డాక్టరు నాన్నా."

"కళ్లు చూస్తే తన మందు తనే వేసుకున్నట్టున్నాడు. ఆ సీసాలో ఏముంది? ఆ తీగ ఎక్కడికి పోతోంది? ఈ లైటుకి ఒక బల్బు వెలగట్లేదేం?"

అడుగుతూ అడుగుతూ ఆయన చూపు యంత్రం పక్కన నిలబడ్డ ఎక్స్‌రే ఆయన దగ్గరికి వెళ్లింది. ఒంటి మీద సీసం ఆప్రాన్, మొహానికి మాస్కు, నెత్తిన టోపీ. టోపీకి రెండు పక్కలా చెవులు. టీసీ గారు చటుక్కున నోరు మూసుకుని పైకప్పు చూడటం మొదలుపెట్టాడు. ఈయనెవరని అడగలేదు. బల్బు గురించి కూడా అడిగిన మనిషి నిలువెత్తు మనిషి గురించి అడక్కపోవడం పూసలక్కకి వింతగా అనిపించింది. కానీ చేతిలో సిరంజిలున్నాయి.

పూసలు, రంగు మందు కలిపింది. అటు తోసింది, ఇటు తోసింది. నిలబెట్టి గడియారం చూసింది. మూడు నిమిషాలకి పూసలన్నీ పైకి లేచి సిరంజి మూతి దగ్గర గట్టిగా ముద్దకట్టాయి. ఒక్కటంటే ఒక్కటి కింద లేదు.

"సీసాలో ఏదో తేడా ఉంది," అని ఇంకో సీసా తెరిచింది. అవీ అంతే, ఇంకా తొందరగా తేలాయి.

"ఎవరండీ?" అంది పూసలక్క. గొంతు మామూలు కంటే హెచ్చుగా ఉంది. "ఇవాళ ఆటలొద్దు. మా నాన్న. చెప్పేయండి."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు మత్తు డాక్టరు ముందుకొచ్చాడు. "నిన్న సాయంత్రం నీ డబ్బాలో అరటిపండు ఏమైందంటే తెలీదన్నాను అక్కా. నేనే తిన్నాను."

నాలుగైదు పూసలు దిగాయి.

"మీకు నొప్పేం ఉండదన్నాను కదండీ," అంది డాక్టరమ్మ టీసీ గారితో. "ఉంటుంది. రెండ్రోజులు గట్టిగానే ఉంటుంది."

"అనుకున్నాను," అన్నాడాయన.

ఇంకో పది దిగాయి. పూసలక్క ఎక్స్‌రే ఆయన వైపు తిరిగింది. "మీరు?"

"నేనెవరికీ ఏమీ చెప్పలేదండీ."

"అవును, చెప్పరు. అదేగా మీ గొప్ప."

ఆయన తల దించుకున్నాడు. పూసలు ఎక్కడివక్కడే ఉన్నాయి. డాక్టరమ్మ గడియారం చూసింది, సిరంజి చూసింది, తర్వాత నెమ్మదిగా అంది.

"పూసలక్కా, మరి నువ్వు?"

పదహారేళ్లలో ఆ ప్రశ్న ఆవిడని ఎవరూ అడగలేదు. దొంగకి తేలు కుట్టినట్టు నిలబడిపోయింది. "నేనేం చెప్పాను, నేనేం..." అనేసరికి దిగిన ఆ కాసిని పూసలు కూడా గబగబా పైకెళ్లిపోయాయి. అందరూ చూశారు.

"చెప్పమ్మా," అన్నాడు టీసీ గారు పైకప్పు చూస్తూనే. "టికెట్ అడిగితే లేదని తెలిసీ జేబులన్నీ వెతుక్కునేవాళ్లు అచ్చం నీలాగే నిలబడేవాళ్లు."

పూసలక్క సిరంజిని స్టాండులో పెట్టి తండ్రి తల దగ్గరికి వచ్చింది. "కొవ్వు గడ్డ కాదు నాన్నా. క్యాన్సరు. కాగితానికి చెయ్యి అడ్డం పెట్టింది అది కనబడకూడదనే. మేడమ్‌కి నీకు చెప్పేశానన్నాను. అదీ అబద్ధమే."

టీసీ గారి గడ్డం కింద చర్మం రెండుసార్లు కదిలింది.

"కాగితం మీద నీ చెయ్యి పడ్డప్పుడే అనుకున్నాను," అన్నాడు. "అయినా అనుమానం వేరు, వినడం వేరు." గుడ్డ కింద నుంచి ఆయన చెయ్యి బయటికొచ్చింది. పూసలక్క పట్టుకుంది. ఆయన డాక్టరమ్మని అడిగాడు, "ఎన్నాళ్లు?"

డాక్టరమ్మ సిరంజి వైపు ఒకసారి చూసుకుని జవాబిచ్చింది. "ఇవి పనిచేస్తే కొన్నేళ్లు ఉండొచ్చు. చెయ్యకపోతే నెలల్లోనే. అంతకంటే నాకూ తెలీదు."

సగం పూసలు దిగి వచ్చి మధ్యలో నిలబడ్డాయి. సగమే. మిగతా సగం పైన ముద్దగా అలాగే ఉన్నాయి.

ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మత్తు డాక్టరు అరటిపండ్లు రెండేమోనని వేళ్ల మీద గుర్తు చేసుకుంటున్నాడు. పూసలక్క అందర్నీ మళ్లీ ఒక చుట్టు చూసింది. ఇంకా ఎవరు? ఈ సగం ఎవరిది? నాన్న ప్రాణం ఎవరి నాలుక మీద ఆగి ఉంది? ఆవిడకి ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"ఆ చెవులాయన్ని ఇటు రమ్మను," అన్నాడు టీసీ గారు.

ఎక్స్‌రే ఆయన బల్ల పక్కకి వచ్చి మాస్కు కిందికి లాగాడు. టీసీ గారు ఆయన మొహం చూడనేలేదు.

"అమ్మా, ఆరేళ్ల కిందట ఒక ఆదివారం నువ్వు డ్యూటీలో ఉన్నావు. ఈయన మనింటికి వచ్చాడు. మీ అమ్మాయిని చేసుకుంటాను, మీ ఇద్దరికీ ఇష్టమైతేనే అన్నాడు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "బాబూ, మా అమ్మాయికి నువ్వంటే ఇష్టం లేదు, నీకు గట్టిగా చెప్పమంది అని నీతో అన్నాను. అది అలా అనలేదు. నువ్వు వచ్చిన సంగతే దానికి తెలీదు."

ఎక్స్‌రే ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఆ వారం ద్రాక్షపళ్లు..." అంది పూసలక్క.

"పక్కింటివాళ్లు ఇచ్చారన్నాను. ఈయన తెచ్చినవే. బాగున్నాయని నువ్వు రెండ్రోజులు తిన్నావు." ఆయన కళ్ల చివర్ల నుంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "మీ అమ్మ పోయి అప్పటికి నాలుగు నెలలు. నువ్వూ వెళ్లిపోతే ఆ ఇంట్లో నేనూ గోడలూ మిగులుతాం. ఇతనెలాంటివాడో ఏమోనన్న అనుమానమే అనుకున్నాను. కాదమ్మా. ఒట్టి భయం."

పైనున్న ముద్ద విడిపోయింది. పూసలు ఒక్కొక్కటే దిగి, సిరంజి నిండా పైనుంచి కింద దాకా సమంగా నిలబడ్డాయి. ఇంత బాగా నిలబడ్డ పూసల్ని పూసలక్క పదహారేళ్లలో చూడలేదు. సిరంజి చేతిలోకి తీసుకుంది. చెయ్యి తన పని తను చేస్తోంది. మనసు మాత్రం ఒక సోమవారం దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నుంచి ముభావంగా తిరిగిన మనిషి. ఆరేళ్లు పొగరనుకున్న ఆ "ఏవండీ". ఊరంతా అక్కా అంటున్నా తనొక్కడూ అనలేకపోయిన నోరు.

"అమ్మా," అన్నాడు టీసీ గారు. "కోపంగా ఉందా?"

లేదు నాన్నా, అనబోయింది. బల్ల మీద పడుకున్న తండ్రికి ఏ కూతురైనా అదే చెబుతుంది. నోటి దాకా వచ్చింది కూడా. అప్పుడు చేతిలో సిరంజి కనబడింది.

"ఉంది నాన్నా," అంది. "చాలా ఉంది. ఇంటికెళ్లాక కూడా ఉంటుంది. చాన్నాళ్లు ఉంటుంది."

పూసలు కదల్లేదు.

టీసీ గారు కూతురి చేతిలోని సిరంజిని అనుమానంగా, చాలాసేపు చూశాడు. "ఇంటికెళ్లాక అన్నావు," అన్నాడు. "పూసలు తేలలేదు." ఆ తర్వాత కళ్లు మూసుకుని, ఇక కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు.

డాక్టరమ్మ సూది గుచ్చింది. గొట్టం నెమ్మదిగా కాలేయం దాకా వెళ్లింది. "ఊపిరి బిగబట్టండి... వదలండి," అని అద్దం వెనక నుంచి ఎక్స్‌రే ఆయన గొంతు మైకులో వినబడుతోంది. అది ఎప్పుడూ ఉండే గొంతే గానీ ఇవాళ కాస్త బొంగురుగా ఉంది. తెర మీద గడ్డకి వెళ్లే నాళం నల్లటి కొమ్మలా కనబడింది. పూసలు వెళ్లేకొద్దీ కొమ్మకున్న రెమ్మలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. గంటన్నరకి మొండి కొమ్మ మిగిలింది.

"చాలు. ఆగింది," అంది డాక్టరమ్మ. మిగిలిన పావు వంతు పూసలతో సిరంజిని పూసలక్కకి ఇచ్చింది. పూసలక్క దాన్ని స్టాండులో నిలబెట్టి గొట్టాలు చుట్టడం మొదలుపెట్టింది. గుండె మీద నుంచి బండ దించినట్టుంది.

ఎక్స్‌రే ఆయన అద్దం వెనక నుంచి వచ్చాడు. ఆప్రాన్ విప్పకుండా ఆవిడకి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు.

"ఏవండీ, ఆ రోజు నేను అడగాల్సింది మిమ్మల్ని. తప్పు నాదే. ఇప్పుడు అడిగితే..."

మత్తు డాక్టరు ఉన్నట్టుండి బీపీ అంకెల మీద అపారమైన శ్రద్ధ పెట్టాడు. డాక్టరమ్మ గ్లవ్స్ ఒక్కో వేలే తీస్తోంది.

పూసలక్క మొహం వేడెక్కింది. "బాగుంది, ఇదా టైము?" అంది విసురుగా. "నాకు అలాంటి ఇష్టాలేం లేవు. మీరు వెళ్లి ఫిల్ములు చూసుకోండి."

"సరేనండీ," అని ఆయన వెనక్కి తిరిగాడు. ఆరేళ్ల కిందట గేటు దాటి వెళ్లింది కూడా ఇలాగే అయ్యుండాలి, గట్టిగా అడక్కుండా.

పూసలక్క చూపు స్టాండు మీద పడింది. గబుక్కున సిరంజికి అరచెయ్యి అడ్డం పెట్టింది.

"చెయ్యెందుకు అడ్డం పెట్టావ్?" బల్ల మీద నుంచి టీసీ గారి గొంతు. ఒక కన్నే తెరిచి ఉంది.

"గాలికి పడిపోతుందని నాన్నా."

"చెయ్యి తియ్యమ్మా."

ఎక్స్‌రే ఆయన గుమ్మం దగ్గర ఆగి, ఇటు తిరిగాడు. పూసలక్క చెయ్యి తీసేసింది. పూసలన్నీ పైకి తేలి ఉన్నాయి.